నాలుగు వందల పన్నెండో పేజీ

కొత్త ఆఫీసరు పుస్తకాన్ని ముందు నుంచి తెరవడు. వెనకట్ట తిప్పుతాడు, లోపల అతికించిన తేదీల చీటీ చూస్తాడు, మూసి పక్కకి తోస్తాడు. సోమవారం పొద్దున్న పాత నవలల బీరువాల ముందు కుర్చీ వేయించుకుని ఆ పెద్దమనిషి రెండు గంటలసేపు చేసిన ఘనకార్యం ఇదే. ఇదివరకు ఏదో గోదాముల శాఖలో పని చేశాడట. కదలని సరుకు కనబడితే చేతులు దురద పెడతాయి కాబోలు.

దారం రీలు అయిపోయిందని చెప్పడానికి కింది గదిలోంచి పైకొచ్చిన బైండరమ్మ బీరువా పక్కన నిలబడిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే మనిషి. ఆఫీసరు తోసేస్తున్న ప్రతి పుస్తకమూ ఆవిడ కుట్టిందే. గోడలకి రంగులు వేయడానికి లైబ్రరీ ఐదు నెలలు మూసినప్పుడు, జనం చేతుల్లో నలిగి నుజ్జయిన పాత నవలలన్నిటినీ కిందికి దింపించుకుని, ఒక్కొక్కటే విప్పి, కుట్టి, కొత్త అట్టలు వేసింది. అవి మళ్ళీ బీరువాలెక్కి పది రోజులు కాలేదు.

“ఇవన్నీ ఎందుకు కింద పెడుతున్నారు సార్?” అంది.

“ఎవరూ చదవనివి తీసేస్తున్నాం,” అన్నాడు ఆఫీసరు తలెత్తకుండా. “చూడండి, చీటీ మీద ఒక్క తేదీ ముద్ర లేదు. అట్ట నలగలేదు. ఎవరూ ముట్టుకున్న పాపాన పోలేదు. ఇలాంటివి రెండొందల పన్నెండు తేలాయి. శుక్రవారం లారీ వస్తుంది. కాగితం మిల్లుకి పంపించేసి, ఇక్కడ కుర్చీలు వేయిద్దాం.”

“అవి కొత్తవి కావు సార్. నేను బైండు చేసినవి. అందుకే అట్టలు అలా ఉన్నాయి.”

“బైండు చేస్తే చేశారు. చదివి ఉంటే ముద్ర పడాలిగా?”

“జనం చదువుతారు సార్,” అని మాత్రం గొణిగి, బైండరమ్మ దారం మాట మర్చిపోయి మెట్లు దిగింది.

ఆ ముద్రలు ఏమయ్యాయో ఆవిడకి తెలుసు. ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలీదు.

బైండు చేసేటప్పుడు పుస్తకం వెనకున్న పాత చీటీని పారేయకూడదు. తడిగుడ్డ వేసి పది నిమిషాలు నాననివ్వాలి. కత్తి మొనతో అంచు లేపి, చిరగకుండా ఊడదీసి, ఆరబెట్టి, కొత్త కాగితం మీద మళ్ళీ అతికించాలి. ఆ పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్ళొచ్చిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. కౌంటరు దగ్గర రిజిస్టరులో రోజుకి ఏ రకం పుస్తకాలు ఎన్ని వెళ్ళాయో అంకె మాత్రం ఉంటుంది, ఏ పుస్తకమో ఉండదు. మొదటి ముప్పై పుస్తకాలకి బైండరమ్మ బుద్ధిగా ఈ పని చేసింది. ముప్పై ఒకటోదాని చీటీ ఎంత నానినా రాలేదు. గోకితే పీలికలయింది. విసుగొచ్చి పాత అట్టతో పాటే చెత్తబుట్టలో పడేసింది. ఆ తర్వాతదాన్ని నానబెట్టనే లేదు. మిగతావాటి మొహం కూడా చూడలేదు. తెల్లటి కొత్త చీటీలు శుభ్రంగా, ముచ్చటగా అతికించి పైకి పంపించింది.

జనం ఎక్కువ చదివినవే ఎక్కువ చిరిగాయి. చిరిగినవే బైండుకి వచ్చాయి. బైండుకి వచ్చినవే ఇప్పుడు ఎవరూ చదవనివై కూర్చున్నాయి. ఇంకొకళ్ళు చేసి ఉంటే ఆవిడ పగలబడి నవ్వేది.

పైకెళ్ళి చెప్పేస్తే పోయేదేముంది అనుకుంది. పోయేది ఉద్యోగమే. ఆఫీసరు వచ్చిన మొదటి రోజే ఈ గదంతా కలియజూసి, పిండి జిగురు గిన్నెలోకి తొంగిచూసి, “ఈ పని బయటికి ఇచ్చేయొచ్చు కదా,” అన్నాడు. అతనికి కావలసింది ఒక్క సాకు.

పోనీ, పుస్తకాలు పోతే పోయాయని ఊరుకోగలదా అంటే, అదీ లేదు. ఆ రెండొందల పన్నెండులో తూము నవల ఉంది. అసలు పేరు వేరే. లైబ్రరీలో అందరూ అలాగే అంటారు. ఆరొందల నలభై పేజీలు. కాలవ తూముకి కాపలా ఉండే మనిషి ఒకరోజు తలుపు దించడం మర్చిపోతాడు, పొలాలు మునిగిపోతాయి. వాడికి పడని పొరుగువాడే ఆ పని చేశాడని అందరూ నమ్మి, ఆ పొరుగువాణ్ణి పెళ్ళాంబిడ్డలతో సహా వెళ్ళగొడతారు. కాపలావాడు నోరు విప్పడు. పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూసుకునే నెపంతో బైండరమ్మ ఆ పుస్తకాన్ని తొమ్మిదిసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ, “చెప్పి చావరా దరిద్రుడా,” అని వాణ్ణి తిట్టుకుంటూనే ఫారాలు, అంటే మడత కాగితాల కట్టలు, కుట్టింది. అంత చదివిన మనిషికి సోమవారం రోజంతా తన సంగతి తట్టలేదంటే నమ్మండి. మనిషికి పుస్తకంలో వాడి తప్పు కనబడినంత తేలిగ్గా తనది కనబడదు.

మంగళవారం ఆఫీసరు కౌంటరాయన్ని గదిలోకి పిలిచాడు. తలుపు తీసే ఉంది, అందరికీ వినబడాలనే.

కౌంటరాయనకి బైండరమ్మ పెట్టిన పేరు ముసురు. పొద్దున్న సణగడం మొదలుపెడితే సాయంత్రం తాళాలు వేసేదాకా తెరిపి ఉండదు. ఆయన ఆవిణ్ణి జిగురమ్మ అంటాడు, ఆవిడ పక్కనుంచి పోతే చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడు. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒకే కెటిలు టీ తాగుతూ, ఒకరు పోసుకుని వెళ్ళేదాకా రెండోవాళ్ళు ఆగుతారు.

“పోయిన ఏడాది మీరు రాసిన నివేదికలు చూశాను,” అన్నాడు ఆఫీసరు. “ప్రతి నెలా పాత నవలలే అన్నిటికన్నా ఎక్కువ పోతున్నాయని రాశారు. పుస్తకాల మీద చూస్తే ఒక్క ముద్ర లేదు. అంటే కూర్చుని అంకెలు కల్పించారన్నమాట.”

“ముద్ర వేశాను సార్. వేయకుండా ఒక్క పుస్తకం గుమ్మం దాటదు.”

“వేస్తే ఏమయ్యాయి? ఎగిరిపోయాయా?”

“ఒకసారి ఆ పుస్తకాలు చూడనివ్వండి సార్.”

“అవసరం లేదు. నేను చూశాను.”

పుస్తకాలు అప్పటికే తాళ్ళతో కట్టి, ఆఫీసరు గది మూల గోడవారగా పేర్చి ఉన్నాయి. వాటి వీపులు మాత్రమే కౌంటరాయనకి కనబడుతున్నాయి. ఆయన ఒక అడుగు అటు వేశాడు. ఆఫీసరు మెమో కాగితం ఆయన ఛాతీకి అడ్డంగా చాపాడు. మూడు రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే సస్పెన్షన్. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకోవడం గుమ్మం బయటున్న బైండరమ్మకి కూడా కనబడింది.

ఆవిడకి మొదట సంతోషమే వేసింది. దాచడం ఎందుకు. బాగా అయింది ముసురుకి అనుకుంది. మెట్లు దిగేటప్పుడు ఆ సంతోషం సగమైంది. పని బల్ల దగ్గర కూర్చుని సూదిలోకి మిగిలిన దారం ముక్క ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది.

మధ్యాహ్నం కౌంటరాయన కింది గదికి వచ్చాడు. పదకొండేళ్ళలో ఆయన ఆ మెట్లు దిగడం అదే మొదలు. గుమ్మం దగ్గరే ఆగాడు. చేతిరుమాలు జేబులోనే ఉంది.

“నువ్వు కుట్టావుగా ఆ పుస్తకాలు,” అన్నాడు. “జనం ఎలా నలిపేశారో కళ్ళారా చూశావు. ఆ ఒక్క ముక్క ఆయనతో చెప్పు.”

“నేనేం చెప్పను?”

“చూసింది చెప్పు. అంతకన్నా ఏమీ వద్దు.”

బైండరమ్మ జిగురు గిన్నెలో కుంచె తిప్పుతూనే ఉంది. ఆయన మొహంలోకి చూస్తే ఎక్కడ చెప్పేస్తానో అని భయం.

“నన్నెవరూ అడగలేదు,” అంది.

కౌంటరాయన తలుపు మూసి మరీ వెళ్ళాడు, అదీ మెల్లగా. ధడాలున వేసి ఉంటే ఆవిడకి కాస్త ఊరటగా ఉండేది.

ఇంటికి వెళ్ళేసరికి ఆడపడుచు కుట్టుమిషను మీద ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతోంది. బైండరమ్మ భర్త పోయాక ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకరంటే ఒకరికి పడకపోయినా, ఒకే పొయ్యి మీద వండుకుని బతుకుతున్నారు. ఆడపడుచుకి చదువు రాదు. ఆవిడ కుట్టుకుంటూంటే బైండరమ్మ లైబ్రరీలో చదివిన నవలలు చెబుతుంది. విన్నంతసేపూ విని, చివర్లో వదినకి నచ్చనివాళ్ళ పక్షాన వాదించడం ఆడపడుచు అలవాటు. తూము కాపలావాణ్ణి ఇన్నేళ్ళుగా వెనకేసుకొస్తోంది. పిల్లలుగలవాడు, ఎలా చెబుతాడు పాపం అంటుంది.

బైండరమ్మ చెప్పులు విడుస్తూనే జరిగిందంతా చెప్పింది. చీటీల సంగతి కూడా దాచలేదు. ఇంట్లో దాచి ఎక్కడికి పోతుంది.

“నోరు మూసుకుని కూర్చో వదినా,” అంది ఆడపడుచు మిషను ఆపకుండానే. “అతగాడు నిన్నేనాడైనా మనిషిలా చూశాడా? పోతే పోనీ. నీ పని పోతే నా జాకెట్లతో ఇద్దరం తింటామా?”

“నేనూ అదే అనుకున్నా. కిందికొచ్చి మరీ అడిగాడు. నన్నెవరూ అడగలేదని చెప్పి పంపించేశా.”

మిషను ఆగింది. ఆడపడుచు తలెత్తి చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు.

“ఏంటా నవ్వు?”

“అది తూమువాడి మాట కదా వదినా. పెళ్ళాం నిలదీస్తే వాడు అన్నది అదేగా. ఆ మాట చెప్పినప్పుడల్లా నువ్వు పళ్ళు నూరేదానివి.”

“నోరు ముయ్యి.”

“ఇన్నాళ్ళకి నా పక్షానికి వచ్చావు. సంతోషం.”

బైండరమ్మకి ఒళ్ళు మండిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది, గిన్నెలు అవసరం లేకపోయినా కడిగింది. ఆడపడుచు వెక్కిరింపుగా అన్నా ఉన్న మాటే అంది. ఆ నవలలో వాడికి చివరిదాకా ఏమీ కాదు. పరువుగా బతుకుతాడు, మనవలు చుట్టూ ఉండగా మంచం మీద పోతాడు. రాసినాయన వాణ్ణి ఒక్క దెబ్బ వేయలేదు, ఒక్క మాట అనలేదు. ఆ పని చదివేవాళ్ళకి వదిలేసిపోయాడు. తొమ్మిదిసార్లు ఆ పని తీరిగ్గా చేసిన మనిషి, ఇప్పుడు పదోసారి ఏ మొహంతో ఆ పుస్తకం విప్పుతుంది? వాణ్ణి తిట్టే హక్కు పోతే ఆవిడకి మిగిలేదేంటి? అంత కోపంలోనూ ఆవిడకి ఏడుపొచ్చింది.

బుధవారం పొద్దున్న తిన్నగా ఆఫీసరు గదిలోకి వెళ్ళింది. చంకలో బైండు రిజిస్టరు ఉంది.

“ఆ ముద్రలు నేను పారేశాను సార్,” అంది. కూర్చోమనకముందే.

ఆఫీసరుకి అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రిజిస్టరు తెరిచి చూపించింది. ప్రతి పుస్తకానికీ ఒక వరస: వెన్ను ఊడింది, మూడో ఫారం జారింది, చివరి ఆకులు చేతుల్లో అరిగాయి. ముట్టుకోని పుస్తకం అరగదు సార్, అరగనిదాన్ని నేను విప్పను అంది. ఆఫీసరు రిజిస్టరు మీద వేలు పెట్టి, “ఇది మీరు రాసుకున్నదేగా,” అన్నాడు.

“అయితే పుస్తకమే అడగండి.” మూలకి వెళ్ళి కట్ట విప్పి తూము నవల తీసింది. ఆఫీసరు అలవాటుగా వెనకట్ట మీద చెయ్యి వేశాడు. “వెనక కాదు సార్. లోపల చూడండి. నాలుగు వందల పన్నెండో పేజీ.”

తూమువాణ్ణి పెళ్ళాం నిలదీసే చోటు అది. ఆ పేజీ మూల బొటనవేళ్ళ మరకలతో గోధుమరంగుకి తిరిగింది. కింది అంచు చిరిగితే పల్చటి కాగితంతో అతికి ఉంది. పక్కన ఖాళీ మీద పెన్సిలు రాతలు. ఎవరెవరివో దస్తూరీలు, ఒకదాని కింద ఒకటి. చెప్పరా వెధవా. సిగ్గులేదా. ఇంకా టైముంది, వెళ్ళి చెప్పు. మా మామయ్య అచ్చం ఇంతే. కింద చిన్న అక్షరాలతో ఒకరు, నేనూ ఇలాగే చేశాను అని రాశారు.

“పుస్తకాల మీద రాతలు చెరిపేయాలి కదా మీరు,” అన్నాడు ఆఫీసరు.

“చెరిపేస్తాను. ఈ పేజీ మీదవి చెరపలేదు.”

ఆఫీసరు ఆ పేజీ చదివాడు. తిప్పి నాలుగు వందల పదమూడు కూడా చదివాడు. తర్వాత గబుక్కున మూసేసి, కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. సాక్షి సంతకానికి కౌంటరాయన్ని పిలిపించాడు.

కౌంటరాయన నిలబడే విన్నాడు. చీటీలు చెత్తబుట్టలో పడేశానని ఆవిడ మూడోసారి చెబుతుంటే, ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

“నిన్న నేను వచ్చినప్పుడు నీకు తెలుసు,” అన్నాడు.

“తెలుసు.”

“తెలిసే పంపించేశావు.”

“అవును.”

ఆఫీసరు రాసింది చదివాడు. “లైబ్రరీ రికార్డులను కావాలని నాశనం చేసినట్లు ఒప్పుకుంటున్నాను. కింద సంతకం పెట్టండి.”

“కావాలని కాదు సార్,” అంది బైండరమ్మ.

“మరి పొరపాటునా?”

“పొరపాటూ కాదు. నానబెట్టి తీయాలని తెలుసు. బద్ధకించాను.”

“ఆఫీసు కాగితం మీద బద్ధకం అని రాయరమ్మా. సంతకం పెట్టండి. పుస్తకాలు మిల్లుకి పోవు, ఆయన మెమో వెనక్కి తీసుకుంటాను. మీరు కోరుకున్నది అదేగా?”

బైండరమ్మ పెన్ను తీసుకుంది. నిజమే, కోరుకున్నది అదే. కావాలని అన్న మాట కింద సంతకం పెడితే ఇరవై ఆరేళ్ళు పుస్తకాలు చింపిన మనిషిగా మిగులుతుంది. పోనీ అనుకుని కాగితం దగ్గరికి లాక్కుంది.

“ఆగు,” అన్నాడు కౌంటరాయన.

ఆయన కాగితం తన వైపు తిప్పుకుని, పెదాలు కదిలిస్తూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. పెన్నుకి మూత పెట్టేశాడు.

“నేను సాక్షి సంతకం పెట్టను సార్. ఇది అబద్ధం.”

“నిన్న ఈవిడ మూలాన్నే మీ ఉద్యోగం పోబోయింది,” అన్నాడు ఆఫీసరు. “మీ ఇద్దరికీ పడదని స్టాఫంతా చెప్పారు.”

“పడదు. ఈవిడ మొహం చూస్తే నాకు రోజంతా చేదు. నిన్నటి నుంచి మరీను.” ఆయన గొంతు పెరగలేదు. “కానీ కావాలని పుస్తకం పాడుచేసే మనిషి కాదు. బద్ధకం అంటోందిగా, బద్ధకం అని రాయండి. పెడతాను.”

ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా చెరో గోడనీ చూస్తున్నారు. చివరికి ఆ మాట కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో బద్ధకం వల్ల అని రాశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

శుక్రవారం లారీ విరిగిన కుర్చీల్ని, పాత గెజిట్లని పట్టుకుపోయింది. నవలలు బీరువాల్లోకి తిరిగి ఎక్కాయి. అదే రోజు ఇంకో ఆర్డరు వచ్చింది. ఒకటో తారీకు నుంచి బైండు పని బయటికి ఇస్తారు, కింది గది ఖాళీ చేయాలి. ఆడపడుచు ఆర్డరు చదివించుకుని, వదినని ఒక్క తిట్టు కూడా తిట్టకుండా కంచం ముందు పెట్టింది. అది తిట్లకన్నా ఎక్కువగా తగిలింది.

సోమవారం బైండరమ్మ అట్టలు కోసే కత్తుల్ని గుడ్డముక్కల్లో చుడుతోంది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. కౌంటరాయన. చంకలో తూము నవల. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజుల సెలవూ దీని మీదే పోయినట్టుంది.

పలకరింపు లేదు, పాడు లేదు. పుస్తకం తెచ్చి కత్తుల పక్కన పెట్టాడు.

“ఇదేం పుస్తకం? ఆరొందల నలభై పేజీలు చదివించి చివరికి వాణ్ణి అలా వదిలేశాడేంటి? మనవలు, మంచం, ఊరంతా దణ్ణాలు. ఆ వెళ్ళగొట్టిన మనిషి ఏమయ్యాడో కూడా రాయలేదు.”

“రాయలేదు.”

“ఎవడో ఒకడు వాడి మొహాన ఉమ్మెయ్యొద్దా? వాడి పెళ్ళాం తెలిసి కూడా అన్నం వడ్డించిందే. వాడు నవ్వుతూ తిన్నాడే. పైగా ఆ చివరి అధ్యాయంలో, వాడు కుర్రాళ్ళకి నీతులు చెబుతాడు చూడు, అక్కడ నాకు…”

ఆయనకి మాట దొరకలేదు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా బైండరమ్మకి కూడా సరిగ్గా అక్కడే మాట దొరకదు.

ఆవిడ ముక్కాలిపీట మీది కత్తుల కట్ట తీసి నేల మీద పెట్టింది. పీటని కాలితో ఆయన వైపు తోసింది.

“నిలబడి ఎందుకు,” అంది. “కూర్చుని తిట్టు.”